ఊట మన ఊరిలో, వాన పై ఊరిలో: కొండ గ్రామముల నీటి ప్రణాళిక

విశాఖ మన్యములో వానలకు కొదవ లేదు. పాడేరు, అరకు, అనంతగిరి ప్రాంతములలో సాధారణ సంవత్సరమున వేయి మిల్లీమీటర్లకు మించి వర్షము కురియుచున్నది. ఆషాఢము మొదలుకొని ఆశ్వయుజము వరకు గెడ్డలు పొంగి పొరలును, దారులు తెగిపోవును. అట్టి చోటనే చైత్ర వైశాఖములు వచ్చుసరికి స్త్రీలు బిందెలతో చెలమ చుట్టును కూర్చుండి, అడుగున నీరూరు వరకు కాచియుందురు. వానలు చాలని మెట్ట సీమలో ఈ దృశ్యము కనిపించినచో ఆశ్చర్యము లేదు. వాన సమృద్ధిగా పడిన కొండలలోనే కనిపించుటకు కారణమేమి? నీటి పథకము కావలెనని తీర్మానము వ్రాయుటకు పూర్వము పంచాయతీ సభ్యులు ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుట అవసరము.

ఒక చిన్న లెక్క చూడుడు. ఒక హెక్టారు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది పదివేల లీటర్ల నీరు. వేయి మిల్లీమీటర్లు పడినచో కోటి లీటర్లు. మూడు వందల జనాభా గల ఊరికి, 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ నిర్ణయించిన ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున, రోజుకు 16,500 లీటర్లు కావలెను. సంవత్సరమునకు అది అరువది లక్షల లీటర్లకు కొంచెము పైన. అనగా కేవలము ఒక హెక్టారు కొండవాలుపై పడిన వాన, ఊరంతటి ఏడాది త్రాగునీటికి మించి యున్నది! ఊరికి తక్కువైనది వాన కాదని ఈ లెక్క స్పష్టముగా చెప్పుచున్నది. వాలుపై పడిన వాన నిలువక, కొన్ని గంటలలోనే గెడ్డలో కలిసి, ఊరు దాటి పోవుచున్నది. నిలిచిన కొద్దిపాటి నీరే మనకు ఊటగా కనిపించుచున్నది.

ఊట ఎట్లు పుట్టునో తెలిసినచో దానిని కాపాడు మార్గము కూడ తెలియును. తూర్పు కనుమలలో విరివిగా కనిపించు రాయి ఖోండలైటు. ఈ కొండలలో నివసించు ఖోండు ప్రజలను బట్టియే భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతికి ఆ పేరు పెట్టిరి. దీని పైభాగము ఎండకు వానకు శిథిలమై, చిల్లులు గల మెత్తని పొరగా మారియుండును. చెట్ల వేళ్లు, ఆకుల దుబ్బు వాన వేగమును తగ్గించినప్పుడు నీరు ఈ పొరలోనికి ఇంకును. క్రిందనున్న గట్టిరాయి తగులగానే ఇక దిగలేక, ఆ రాతి వాలు వెంబడి మెల్లగా ప్రక్కకు నడచి, కొండ మడతలో ఎక్కడనో బయటపడును. అదియే ఊట. జూలైలో పడిన వాన మార్చిలో ఊటగా వచ్చుట ఈ నడక యొక్క నిదానము వలననే. పైవాలు బోడియైనచో వాన పొరలోనికి దిగదు. మట్టిని కూడ తనతో కొట్టుకొని పోవును. అప్పుడు వానకాలములో గెడ్డ మరింత ఉద్ధృతముగా పారును, వేసవిలో ఊట మరింత త్వరగా ఎండిపోవును. ఈ రెండును ఒకే వ్యాధికి రెండు లక్షణములు.

ఇచ్చట సభ్యులు గమనింపవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. ఊట బయటపడు చోటు వేరు, దానికి నీరు ఇంకు చోటు వేరు. సామాన్యముగా ఊటకు సరిగా పైనున్న వాలునందే దాని మూలముండునని అనుకొందుము. ఎల్లప్పుడు అట్లు జరుగదు. లోపలి రాతిపొరలు ఏ వైపునకు వాలియున్నవో నీరు ఆ వైపునకే నడచును. కొండకు ఆవలి వైపున ఇంకిన వాన ఈవలి వైపున ఊటగా పుట్టవచ్చును. బొర్రా గుహలున్న సున్నపురాతి ప్రాంతములో నీరు ఒకచోట నేలలోనికి మాయమై మరియొకచోట పైకి వచ్చును. కావున ఇంకు ప్రదేశమును నిర్ణయించుటకు భూగర్భ జల శాఖలోని నిపుణుని ఒక్కసారియైనను కొండ ఎక్కించి చూపుట మంచిది. ఊరి పెద్దలను, పశువులు కాయువారిని కూడ వెంట తీసికొని పోవలెను. ఏ సంవత్సరమున ఏ వాలు నరికిన తరువాత ఏ ఊట సన్నగిల్లెనో వారికి తెలిసినంతగా ఏ పటమునకును తెలియదు.

నిపుణుడు వచ్చుటకు ముందే పంచాయతీ చేయదగిన పని యొకటి యున్నది. ఊటను కొలుచుట. ఇందుకు యంత్రములు అక్కరలేదు. పదునైదు లీటర్ల బకెట్టు ఒకటి, చేతి గడియారము ఒకటి చాలును. నీటిని ఒక వెదురు దోనె ద్వారా బకెట్టులోనికి పట్టి, అది నిండుటకు ఎంతకాలము పట్టినదో వ్రాసికొనవలెను. ఒక నిమిషములో నిండినచో ఆ ఊట దినమునకు 21,600 లీటర్లు ఇచ్చుచున్నదన్న మాట. పైన చెప్పిన మూడు వందల మందికి అది చాలును. మే నెలలో అదే బకెట్టు నిండుటకు మూడు నిమిషములు పట్టినదనుకొనుడు. అప్పుడు వచ్చునది 7,200 లీటర్లు మాత్రమే. మనిషికి 24 లీటర్లు. అక్టోబరులో ఊటను చూచి వేసిన పథకము మే నెలలో ఎందుకు విఫలమగునో ఈ రెండు అంకెలు తెలుపును. పైపులు వేసి కుళాయిలు బిగించి ప్రారంభోత్సవము చేసిన పిమ్మట వేసవిలో గాలి వచ్చు పథకములలో అనేకము ఇట్లు పుట్టినవే. పదునైదు దినములకొకసారి, తప్పక మే నెలలోను, కొలిచి ఒక పుస్తకములో వ్రాసియుంచిన పంచాయతీ ఇంజనీరు ఎదుట బలముగా మాటాడగలదు.

ఇక అసలు చిక్కు. ఇంకు ప్రదేశము మన ఊరి హద్దులో లేనిచో ఏమి చేయవలెను? అది పై ఊరివారి పోడు భూమి కావచ్చును, వారి పశువుల మేత కావచ్చును, లేక రక్షితారణ్యము కావచ్చును. మన పంచాయతీ హద్దులు గీచినవారు కాగితముపై గీచిరి. నీరు తన హద్దును కొండ శిఖరములపై గీచికొన్నది. ఒక శిఖరపు వరుస నుండి మరియొక శిఖరపు వరుస వరకు పడిన వానయంతయు ఏ ఒక్క గెడ్డకు చేరునో, ఆ మొత్తము ప్రదేశమునే పరీవాహక ప్రదేశము, వాటర్‌షెడ్ అనుచున్నాము. దానిలో రెండు ఊళ్లు ఉండవచ్చును, పది ఊళ్లు ఉండవచ్చును.

ఇంకను పెద్దదిగా చూడదలచినచో గోస్తనీ నదిని చూడుడు. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, విజయనగరము జిల్లాలో 1960 దశకమున నిర్మించిన తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణము వద్ద సముద్రములో కలియుచున్నది. తాటిపూడి నీరు విశాఖపట్టణ వాసులు త్రాగుచున్నారు. నది ఒకటి, జిల్లాలు మూడు. అనంతగిరి వాలుపై ఒక కుటుంబము చెట్లను నిలిపినను, నరికినను, ఆ ఫలితము పట్టణపు కుళాయి వరకు పోవును. కాని ఆ వాలుపైనున్న కుటుంబమునకు కుళాయి ఉన్నదా అన్న ప్రశ్న ప్రాంతీయ ప్రణాళికలలో తరచు మరుగున పడుచుండును. క్రిందివారి జలాశయము పూడిపోకుండుటకు పైవారు మేత మానుకొనవలెనని చెప్పుట సులభము. మానుకొన్నవారికి ఏమి దక్కునో చెప్పని ప్రణాళిక నిలువదు.

ఈ విషయమున హర్యానా రాష్ట్రములోని సుఖోమాజ్రి అను చిన్న గ్రామపు అనుభవము మనకు చాల ఉపకరించును. చండీగఢ్ నగరమునకు 1958లో సుఖ్నా సరస్సును నిర్మించిరి. కొలదికాలములోనే అది మట్టితో పూడిపోసాగినది. ఈ మట్టి ఎచ్చట నుండి వచ్చుచున్నదని చండీగఢ్‌లోని కేంద్ర నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రమునకు చెందిన పి. ఆర్. మిశ్రా వెదకగా, ఎగువ శివాలిక్ కొండలలో సుఖోమాజ్రి వాసుల పశువులు మేసి బోడియైన వాలులు కనిపించినవి. సరస్సును ఎన్నిమార్లు పూడిక తీసినను ఆ వాలులు బాగుపడనిదే ప్రయోజనము లేదు. వాలులు బాగుపడవలెనన్నచో మేత ఆగవలెను. వానను నమ్ముకొని సేద్యము చేయు ఆ పేద గ్రామము, నగరవాసుల పడవ షికారు కొరకు తన మేకలను ఎందుకు కట్టివేసికొనును?

1976లో అక్కడ ఒక చిన్న మట్టికట్ట కట్టి వాననీటిని నిలిపిరి. ఆ నీటితో పైరు దక్కుట చూచినప్పుడు రైతులకు కొండను కాపాడవలెనను ఆశ కలిగినది. అయితే నీరు పారినది భూమిగలవారి పొలములకు. మేత మానుకొనవలసినది అందరును. భూమిలేనివారు, కొద్ది భూమి ఉన్నను నీరందనివారు ఈ ఏర్పాటును ఒప్పుకొనలేదు. వారి అభ్యంతరము న్యాయమైనది. చివరకు కుదిరిన ఒప్పందము ఏమనగా, భూమి ఉన్నను లేకున్నను ప్రతి కుటుంబమునకు నీటిలో సమభాగము. భూమిలేనివాడు తన భాగమును ఇతరులకిచ్చి ప్రతిఫలము పొందవచ్చును. అటుపిమ్మట కొండకు ముళ్లకంచె అవసరము లేకపోయినది. ఊరే కంచెగా నిలిచినది. కొండపై పెరిగిన గడ్డిని, భాబర్ పీచును కోసుకొను హక్కు అటవీశాఖ నుండి గ్రామ సంఘమునకు లభించినది. మేకలు తగ్గి గేదెలు పెరిగినవి. తరువాతి కాలములో కట్టలలో పూడిక చేరి, పూర్వపు ఉత్సాహము కొంత సన్నగిల్లినదనుట కూడ చెప్పవలసియున్నది. అయినను నీరు భూమిని బట్టి కాక కుటుంబమును బట్టి పంచుట అను ఆ ఒక్క నిర్ణయము లేనిచో మొదటి సంవత్సరమే ఆ పని ఆగిపోయెడిది.

సుఖోమాజ్రివారు కొండ క్రింద నీటిని నిలిపిరి. సిక్కిం రాష్ట్రము కొండపైననే నీటిని ఇంకించుటపై దృష్టి నిలిపినది. అచ్చట కూడ వాన అధికమే. శీతకాలము దాటగానే ఊటలు ఎండుట కూడ మన వలెనే. ఆ రాష్ట్రపు గ్రామీణాభివృద్ధి శాఖ 2008లో ‘ధారా వికాస్’ అను కార్యక్రమమును చేపట్టి, ఊటల ఇంకు ప్రదేశములను గుర్తించి, ఉపాధి హామీ పథకము క్రింద ఆ వాలులపై కందకములు త్రవ్వించినది. అందులకు స్థానిక యువకులకే భూగర్భ జల శాస్త్రపు ప్రాథమిక విషయములను నేర్పించిరి. ఎండిపోవుచున్న ఊటలు అనేకము తిరిగి వేసవిలో పారినవి. 2018లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదికలో దేశమున యాభై లక్షల ఊటలు ఉండవచ్చునని, హిమాలయ ప్రాంతపు ఊటలలో సుమారు సగము క్షీణించుచున్నవని చెప్పబడినది. వాటర్‌షెడ్ పథకపు పనులలో ఊటల పునరుద్ధరణను కూడ చేర్చుట దీని తరువాతనే జరిగినది.

పరీవాహక ప్రదేశమును యూనిట్‌గా తీసికొని పనిచేయవలెనను భావన మనకు కొత్తది కాదు. తెలుగువారైన ఆర్థికవేత్త సి. హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1994లో నివేదిక సమర్పింపగా, 1995 నుండి దేశమంతట సుమారు ఐదు వందల హెక్టార్లకు ఒక వాటర్‌షెడ్ చొప్పున, ప్రజల భాగస్వామ్యముతో పనులు నడపవలెనను నియమములు వెలువడినవి. పంచాయతీల అధికారమును గూర్చి సందేహము అక్కరలేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ వలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యము, వాటర్‌షెడ్ అభివృద్ధి ఒక అంశము. త్రాగునీరు మరియొక అంశము. షెడ్యూల్డు ప్రాంతములలో చిన్న నీటివనరుల ప్రణాళికను, నిర్వహణను పంచాయతీలకు అప్పగింపవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. ఊట అడవిలో నున్నదని వెనుదీయ నక్కరలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము త్రాగునీటి పైపులు, వాననీటిని నిలుపు కట్టడములు మొదలైన వానికి ఒక్కొక్క పనికి ఒక హెక్టారుకు తక్కువైన అటవీభూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి నరుకకుండునట్లు, కేటాయించుటకు వీలున్నది. దానికి గ్రామసభ సిఫారసు తప్పనిసరి. ఆ తీర్మానము లేక ఎన్ని దరఖాస్తులు పెట్టినను ప్రయోజనముండదు.

కావున ఒకే గెడ్డపై ఆధారపడిన పంచాయతీల సభ్యులు మొదట ఒకచోట కూడవలెను. ఆ సమావేశము పై ఊరిలో, ఆ ఊరివారి రచ్చలో జరుగుట మర్యాద. క్రింది ఊరివారు అడుగుటకు వచ్చువారు గనుక వారే కొండ ఎక్కవలెను. ఏ వాలును ఎన్ని సంవత్సరములు మేతకు, పోడుకు వదలివేయవలెనో, అందుకు బదులుగా పై ఊరివారికి ఏమి లభించునో అచ్చటనే తేల్చికొని ఉభయ గ్రామసభలలో వ్రాయించవలెను. పోడు చేయువారిని నిందించుట పట్టణమునుండి వచ్చినవారికి అలవాటైన పని. ఆ వాలు అతనికి రాగులను, సామలను ఇచ్చుచున్నది. దానిని వదలుమని కోరునప్పుడు, నీడచెట్ల క్రింద కాఫీ, మిరియము వంటివి ఫలితమిచ్చు వరకు గడుచు సంవత్సరములలో ఆ కుటుంబము ఏమి తినునో ప్రణాళికలో చోటుండవలెను. కందకముల పనిలో కూలి మొదట పై ఊరివారికే ఇచ్చుట, పై ఊరికే ముందు కుళాయి వేయుట ఇట్టి సమావేశములలో అంగీకారము పొందదగిన సంగతులు.

పని ఎల్లప్పుడు శిఖరము నుండి లోయకు రావలెను. ఇది అందరు ఒప్పుకొందురు. ఆచరణలో మాత్రము లోయలోని చెక్‌డ్యాముతోనే పని మొదలగును. చెక్‌డ్యాముకు శిలాఫలకము అమర్చుటకు చోటుండును, కందకమునకు ఉండదు! పైవాలును వదలి క్రింద కట్టిన చెక్‌డ్యాము రెండు మూడు వానకాలములలో మట్టితో నిండిపోవుట మీలో కొందరు చూచియే యుందురు.

వాలుకు అడ్డముగా, ఒకే ఎత్తున, వరుస తప్పించి రెండు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు గల కందకములు త్రవ్వినచో ఒక్కొక్కటి 500 లీటర్లు పట్టును. మూడు వందల కందకములు ఒకసారి నిండినచో లక్షయేబది వేల లీటర్లు. ఒక వానకాలములో అవి ఇరువదిసార్లు నిండి ఇంకిపోయినచో ముప్పది లక్షలు. అదంతయు ఊటకు చేరదు. కొంత వేరుదారిని పోవును, కొంత చెట్లు త్రాగును. సమమైన ఎత్తును కనుగొనుటకు రెండు సమానమైన కర్రలను పైన ముడివేసి, నడుమ అడ్డుకర్ర కట్టి, ముడినుండి రాయి కట్టిన త్రాడు వ్రేలాడదీసిన చాలును. త్రాడు అడ్డుకర్ర నడిబొద్దుపై పడినప్పుడు రెండు కాళ్లు ఒకే ఎత్తున ఉన్నట్లు. త్రవ్విన మట్టిని పల్లము వైపున గట్టుగా వేసి గడ్డి నాటవలెను. మిక్కిలి నిటారైన చోట, మట్టి వదులుగా నున్నచోట, క్రింద ఇళ్లున్న చోట కందకములు త్రవ్వరాదు. నీటి బరువుకు కొండచరియ జారు ప్రమాదము కలదు. అచ్చట గడ్డి, చెట్లు, చిన్న రాతికట్టలే మేలు.

ఊట నుండి ఊరికి నీరు తెచ్చుటలో కొండ గ్రామమునకు ఒక అదృష్టమున్నది. ఊట ఊరికి పైనున్నచో మోటారు వలదు, విద్యుత్తు వలదు. నీరు తన బరువుతోనే దిగివచ్చును. వీటినే గ్రావిటీ పథకములనుచున్నారు. ఊటను పెద్దది చేయవలెనని రాళ్లు పగులగొట్టరాదు. నీరు వేరు చీలికను పట్టి మాయము కావచ్చును. గులకరాళ్లు పరచి, చిన్న తొట్టె కట్టి, మూత వేసి, మిగులు నీరు గెడ్డలోనికే పోవునట్లు చేయవలెను. ఊటకు పైన పశువులు నిలువకుండ చూడవలెను. పది మీటర్ల ఎత్తు దిగినచో పైపులో చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి కలుగును. నూరు మీటర్లు దిగు పైపులో అది పది కిలోలు. నాలుగు, ఆరు కిలోల పైపులు దానిని భరింపలేవు గనుక, నడుమ తొట్టెలు కట్టి ఒత్తిడిని తగ్గింపవలెను. నేలపైననే పరచిన పైపులు వేసవి మంటలకు కాలిపోవుచున్నవి, పూడ్చుట తప్పదు. ఊట రాత్రి కూడ పారునుగాన ఊరిలో ఎనిమిది, పదివేల లీటర్ల తొట్టె ఉన్నచో రాత్రి నీరు వృథాకాదు.

ఊట నీటినంతయు పైపులో పెట్టినచో గెడ్డ వెంబడి పల్లపు వరిమళ్లవారికి ఏమి మిగులును? ఈ తగవు పథకము పూర్తియైన తరువాత పుట్టుట కంటె ముందే పుట్టుట మేలు. మే నెలలో బకెట్టు నిండుటకు రెండు నిమిషములు దాటినప్పుడు నీరంతయు త్రాగుటకే అని, అంతకు త్వరగా నిండునప్పుడు మిగులు ఏ మడికి ఏ వరుసలో పోవలెనని, అంకెలతో వ్రాసికొనవచ్చును. వాల్వు త్రిప్పువానికి నెలకు ఎంత, అది ఇంటికి ఎంత పడును, తొట్టెను ఎన్ని దినములకు కడుగవలెను, బ్లీచింగు పొడి ఎవరు తెచ్చెదరు అన్నవి కూడ ఆ కాగితముననే ఉండవలెను. ఆ కాగితముపై క్రింది ఊరివారి వ్రేలిముద్రలతో పాటు పై ఊరివారి వ్రేలిముద్రలు, వల్లెవాటుకు కావడి దించి వచ్చిన స్త్రీల వ్రేలిముద్రలు కూడ పడినపుడు ఇంజనీరును పిలువవచ్చును.